మరి ఆ వెండి సంగతేంటి?

రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిల్లోని రెండవ దినవృత్తాంతాలు 25వ అధ్యాయం చదివాం, అప్పట్నుంచీ యూదా రాజు అమజ్యా నన్ను వదలట్లేదు. ఎదోము దేశం మీద యుద్ధానికని పొరుగు రాజ్యమైన ఇశ్రాయేలు నుంచి లక్షమంది సైనికుల్ని వెండి ఇచ్చి కుదుర్చుకున్నాడు, తీరా దైవజనుడొకాయన వచ్చి వాళ్ళని పంపించెయ్ అన్నాడు. రాజు వెంటనే అడిగింది, మరి నేనిచ్చిన వెండి సంగతేంటి అని! అచ్చం మనమే.

మా తమ్ముడు మద్యం షాపులో వాటాకి అడ్వాన్స్ కట్టి, ప్రార్థన చేసుకున్నాక మానుకున్నప్పుడు ఇంట్లో అందరం అడిగింది కూడా అదే, అడ్వాన్స్ వెనక్కిస్తారా? ఇవ్వలేదు. ఇప్పటికీ ఆ అప్పుకి వడ్డీ కడుతున్నాడు, మొహంలో మాత్రం టెన్షన్ లేదు.

అమజ్యాకి వెండి పోవడమే కాదు, పంపించేసిన సైనికులు కోపంతో యూదా ఊళ్ళ మీద పడి 3000 మందిని చంపారు. దీని మీద ప్రసంగాలు తక్కువే, లోబడితే వెంటనే దీవెన అంటేనే కదా ఆమెన్‌లు గట్టిగా వినిపించేది.

నాకు మింగుడుపడనిది తర్వాతి సంగతి. అంత నష్టానికి ఓర్చుకున్న మనిషి, గెలిచి వస్తూ ఓడిపోయినవాళ్ళ దేవతల్నే తెచ్చుకుని మొక్కాడు! సొంత జనాన్నే కాపాడలేనివాటిని ఎందుకు ఆశ్రయించావని ప్రవక్త అడిగితే, నిన్ను సలహాదారుగా ఎవరు పెట్టారు, ఊరుకో అన్నాడు. డబ్బు వదులుకున్నాడు గానీ తనని ఒకరు సరిదిద్దడం భరించలేకపోయాడు. యథార్థంగానే నడిచాడు, పూర్ణహృదయంతో మాత్రం కాదని రెండో వచనంలోనే రాసి ఉంది.

తమ్ముడికి ఈ అధ్యాయం పంపాను. ఫోన్ చేసి, అక్కా, వెండి దగ్గర కాదు, ఆ ప్రవక్త దగ్గరే నాకు భయమేసింది అన్నాడు.