మనిషి ఆలోచనకు కొలబద్ద ఉండాలా? ఈ ప్రశ్నకు నేను ప్రిపేరైన పద్ధతి

సైకాలజీ చదివేవాళ్లకూ ఫిలాసఫీ చదివేవాళ్లకూ ఈ ప్రశ్న తప్పదు. మనుషులు ఆలోచించే తీరును తర్కం, సంభావ్యత లాంటి ప్రమాణాలతో కొలిచి తప్పొప్పులు తేల్చాలా, లేక ఎలా ఆలోచిస్తున్నారో వివరిస్తే చాలా? చాలామంది రెండు వైపుల పేర్లూ బట్టీపట్టి, చివర్లో ‘రెండూ ముఖ్యమే’ అని రాసేస్తారు. అలాంటి జవాబులో పస ఉండదు. నా మాట వినండి, ముందు ఈ విషయం మీద జరిగిన ప్రయోగాల్లో ఇచ్చిన లెక్కలు మీరే పెన్ను పట్టుకుని చేయండి.

1966లో వేసన్ అనే సైకాలజిస్ట్ ఇచ్చిన కార్డుల సమస్యతో మొదలుపెట్టండి. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనిపిస్తున్నవి ఏ, కే, 4, 7 అనుకుందాం. ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది’ అన్న రూల్ నిజమో కాదో తేల్చాలంటే ఏవి తిప్పాలి? ఎక్కువమంది ‘ఏ’ ఒక్కటే అంటారు, లేదా ‘ఏ’తో పాటు 4 అంటారు. తర్కం ప్రకారం తిప్పాల్సినవి ‘ఏ’, 7. నాలుగు వెనక హల్లు ఉన్నా రూల్‌కు వచ్చే నష్టం లేదు. ఏడు వెనక అచ్చు ఉంటే మాత్రం రూల్ అక్కడే పోయింది. సరైన జవాబు చెప్పేవాళ్లు సాధారణంగా పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు. 1982లో గ్రిగ్స్, కాక్స్ ఇదే సమస్యను బీరు తాగే వయసు రూల్‌గా మార్చి ఇస్తే, దాదాపు ముప్పావు వంతు మంది సరిగ్గా చేశారు.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. 1994లో ఓక్స్‌ఫర్డ్, చేటర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏమన్నారంటే, జనం ఇక్కడ నిగమనం (ఇచ్చిన రూల్ నుంచి తర్కంతో తీర్మానం రాబట్టడం) చేయడం లేదు, ఎక్కువ సమాచారం ఇచ్చే కార్డు కోసం వెతుకుతున్నారు. ఆ లెక్కన చూస్తే 4 తిప్పడమూ సబబే. అంటే ఒకే జవాబు ఒక ప్రమాణానికి తప్పు, ఇంకో ప్రమాణానికి ఒప్పు. మరి ఏ ప్రమాణం సరైనదని ఎవరు తేల్చాలి? ఆలోచన మీద పరిశోధనలో ఇలా తప్పొప్పుల తీర్పులు కలపడం గురించి 2011లో ఎల్కాయమ్, ఎవాన్స్ అనే సైకాలజిస్టులు ఎత్తిచూపిన ఇబ్బందుల్లో ఇదొకటి. ఇంకొకటి, జనం ఎలా ఆలోచిస్తున్నారన్న డేటా నుంచి ఎలా ఆలోచించాలన్నది రాబట్టడం. చదువులో చురుకైనవాళ్లు ఎక్కువగా ఇచ్చే జవాబే సరైన ప్రమాణానికి సూచన అన్న స్టానోవిచ్, వెస్ట్ వాదనకు (2000) ఈ విమర్శ గట్టిగానే తగులుతుంది. మనుషుల ఆలోచన అహేతుకమని ప్రయోగాలతో నిరూపించలేమన్న ఫిలాసఫర్ కోహెన్ 1981 నాటి వాదనను రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

అయినా ప్రమాణాలే వద్దంటే నేను ఒప్పుకోను. దానికి కారణం 1978లో హార్వర్డ్ వైద్య విద్యార్థులను, డాక్టర్లను అడిగిన ప్రశ్న. వెయ్యిమందిలో ఒకరికి జబ్బు. జబ్బు లేనివాళ్లలో నూటికి ఐదుగురికి టెస్ట్ పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత? అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు 95 శాతం. వేసి చూడండి. జబ్బున్నది ఒక్కరికి, ఆ ఒక్కరినీ టెస్ట్ పట్టేసిందనుకుందాం. మిగిలిన 999 మందిలో సుమారు 50 మందికి ఉత్తుత్తి పాజిటివ్. 51 మందిలో ఒక్కరు, అంటే దాదాపు 2 శాతం. 95కీ 2కీ మధ్య ఒక మనిషి టెన్షన్, అక్కర్లేని చికిత్స ఉన్నాయి. ఇక్కడ ‘డాక్టర్లు ఇలా ఆలోచిస్తారు’ అని నమోదు చేసి ఊరుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

సైకాలజిస్ట్ గిగరెంజర్‌ను చాలా నోట్సుల్లో ప్రమాణాలకు వ్యతిరేకిగా రాసేస్తారు. కానీ 1995లో ఆయన, హాఫ్రాగె కలిసి చేసిన పనిని జాగ్రత్తగా చదవండి. శాతాలకు బదులు ‘వెయ్యిమందిలో ఇంతమంది’ అని ఇచ్చేసరికి సరైన జవాబులు 16 శాతం నుంచి 46 శాతానికి పెరిగాయి. ఏది సరైనదో తేల్చింది మాత్రం బేయస్ సూత్రమే, అంటే పైన టెస్ట్ లెక్కలో మనం వాడిన సంభావ్యత సూత్రమే. వాళ్లు మార్చింది ప్రశ్న అడిగే తీరునే. ఈ పాయింట్ మీ జవాబులో తప్పకుండా ఉండాలి.

నేను జవాబు రాసేటప్పుడు కార్డుల సమస్యనూ టెస్ట్ సమస్యనూ పక్కపక్కన పెడతాను. మొదటిదాంట్లో జనం ఏ లక్ష్యంతో ఆలోచిస్తున్నారో మనకే తెలియదు, కాబట్టి ‘తప్పు’ అనేముందు ప్రమాణాన్ని సమర్థించుకోవాలి. రెండోదాంట్లో లక్ష్యం స్పష్టం, ఇచ్చిన అంకెలూ స్పష్టం, కాబట్టి తీర్పు చెప్పొచ్చు. ఆబ్జెక్టివ్ పేపర్‌కు చదివేవాళ్లు ఒకటి గమనించండి: ఎల్కాయమ్, ఎవాన్స్ అభ్యంతరం ఆలోచన మీద పరిశోధన చేసేటప్పుడు తీర్పులు కలపడం గురించి, తర్కమూ సంభావ్యతా పనికిరావని వాళ్లు అనలేదు. ఆప్షన్లలో ఈ రెండిటినీ కలిపి ఇస్తే తికమకపడకండి.