40బి నుంచి 36డి దాకా: స్పోర్ట్స్ బ్రా వెతుకులాటలో నా అనుభవం

పోయినేడాది డాక్టరు షుగర్ బోర్డర్‌లో ఉందని చెప్పాక, మా వదినా నేనూ పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో నడవడం మొదలుపెట్టాం. నెల తిరిగేసరికి వదిన మెల్లగా పరుగు అందుకుంది. నేను వంద అడుగులు కూడా పరుగెత్తలేకపోయాను. ఆయాసం వల్ల కాదు. నాది బరువైన ఛాతీ. అడుగు వేసినప్పుడల్లా రొమ్ములు పైకీ కిందికీ లాగేసి నొప్పి పుట్టేది. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేసేవి. ఎవరైనా చూస్తున్నారేమోనన్న బెంగ ఒకటి. చున్నీకి పిన్ను పెట్టుకుని, చేతులు కట్టుకుని నడిచేదాన్ని.

ఒకదాని మీద ఒకటి రెండు బ్రాలు వేసుకుని చూశాను. మనలో చాలామంది చేసే పనే ఇది. ఊగడం కొంచెం తగ్గింది గానీ ఊపిరి నిండుగా ఆడేది కాదు. వైజాగ్ ఉక్కపోతకి రొమ్ముల కింద చెమట నిలిచి, ఒరుసుకుపోయి ఒకటే మంట.

సరే, స్పోర్ట్స్ బ్రా కొందామని ఒక షాపుకి వెళ్లాను. "లార్జా, ఎక్స్‌ఎల్లా మేడమ్?" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. కప్పు సైజు అతను అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు. ట్రయల్ లేదు, వాపసూ లేదు. తల మీంచి తొడుక్కునే ఎక్స్‌ఎల్ తెచ్చుకున్నాను. రొమ్ములు రెండూ కలిసి ఒకే ముద్దలా ఛాతీకి అదుముకుపోయి, చంకల దగ్గర బయటికి పొంగేవి. చెమట పట్టాక అది విప్పుకోవడం ఇంకో అవస్థ.

అప్పుడు కూర్చుని చదివాను. రొమ్ములో కండరం ఉండదట. పైన చర్మం, లోపల సన్నటి పోగుల్లాంటి కణజాలం, ఆ రెండే దాన్ని పట్టి ఉంచేవి. పరుగులో అది పైకీ కిందికే కాదు, పక్కలకూ కదులుతుంది. చిన్న ఛాతీ అయితే అదిమి పట్టే రకం సరిపోతుంది. బరువైన ఛాతీకి మాత్రం రెండు రొమ్ములకూ విడివిడి కప్పులుండి, వెనక హుక్కులున్న రకం కావాలి. అసలు మొదటి స్పోర్ట్స్ బ్రా 1977లో గానీ రాలేదని తెలిసి మనసు చివుక్కుమంది. అమెరికాలోని వెర్మాంట్‌లో, పరుగెత్తేటప్పుడు ఇదే ఇబ్బంది పడుతున్న లీసా లిండాల్ అనే ఆవిడ ఇంకో ఇద్దరు స్త్రీలతో కలిసి, ఆటల్లో మగవాళ్లు వేసుకునే రెండు సపోర్టర్లను కలిపి కుట్టి తయారు చేశారు. అంతవరకూ ఆడవాళ్లు నొప్పి భరించారు, లేదా పరుగు మానుకున్నారు.

ఒక ఆదివారం వదిన కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసింది. "ఊపిరి వదిలేసి కదలకుండా నిలబడమ్మా" అంది. రొమ్ముల కింద, బిగుతుగా: 36 అంగుళాలు. నిండుగా ఉన్నచోట, బిగించకుండా: 40. తేడా 4. కప్పు సైజు ఆ తేడాని బట్టే: ఒక అంగుళమైతే ఎ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. ముందుండే అంకె రొమ్ముల కింది కొలత. అంటే నాది 36డి. పైకొలత నలభై కదా అని నేను ఇన్నేళ్లూ 40బి వేసుకుంటున్నాను.

తమాషా ఏమిటంటే 40బి, 38సి, 36డి కప్పుల్లో పట్టేది ఇంచుమించు ఒకటే. అందుకే ఎదర సరిపోయినట్టే ఉండేది. వదులుగా ఉన్నదల్లా కింద చుట్టూ వచ్చే పట్టీ. బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది ఆ పట్టీ. అది వదులైతే భారమంతా భుజాల మీది స్ట్రాపుల మీద పడుతుంది. నా భుజాల మీద స్ట్రాపుల గాట్లు పడటానికి కారణం అదీ. నేనేమో స్ట్రాపులు ఇంకా ఇంకా బిగించుకుంటూ వచ్చాను.

ఈసారి ట్రయల్ రూము ఉన్న షాపుకే వెళ్లాం. అక్కడి అమ్మాయి ఓపిగ్గా నాలుగు రకాలు తెచ్చింది. అన్నీ బయటి వరస హుక్కుకే పెట్టి చూడమంది. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, బిగించుకోవడానికి లోపలి వరసలు మిగలాలి. మొదటిదాంట్లో చేతులెత్తితే పట్టీ వీపు మీద పైకి పాకింది. రెండోదాంట్లో కప్పు పై అంచు కోసుకుని రొమ్ము పొంగింది. మూడోది వేసుకుని, ముందుకు వంగి, లేచి, అక్కడే పదిసార్లు ఎగిరాను. పట్టీ కదల్లేదు. దాని కింద రెండు వేళ్లు పట్టేంత చోటుంది. రెండు కప్పుల మధ్య గుడ్డ గుండె ఎముకకి ఆనుకునే ఉంది. స్ట్రాపులు వెడల్పు, మెత్తన. బయట నిలబడ్డ వదినకి తలుపు సందులోంచి "దొరికింది" అని చెబుతుంటే గొంతు పట్టేసింది.

ధర మామూలు బ్రాలకి మూడు రెట్లు. అయినా రెండు కొన్నాను, ఒకటి ఉతికితే ఒకటి ఉండాలి కదా. చేత్తోనే ఉతుకుతాను, కంఫర్ట్ లాంటివి వేయను, నీడలో ఆరేస్తాను. ఎలాస్టిక్ పాడవకుండా.

మర్నాడు పొద్దున కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు ఆగకుండా పరుగెత్తాను. చేతులు రెండూ నా పక్కన ఊగుతున్నాయి. చున్నీ ఇంట్లోనే ఉంది. ఇది జరిగి ఎనిమిది నెలలైంది, పోయిన వారమే రెండో వరస హుక్కుకి మారాను. మూడో వరస కూడా వదులయ్యాక, మళ్లీ టేపుతో కొలుచుకునే కొత్తది కొంటాను.