నాయినమ్మ సందుగల నాణేలు: మూడు వారాల్ల ఎంతదాక వచ్చిన

ముందుగాల లెక్క చెప్త. దేవరకొండల నాయినమ్మ సందుగల దొరికినయి మొత్తం 23. అండ్ల 11 చార్మినార్ రూపాయలు (చార్మినార్ బొమ్మున్న నిజాం రూపాయలు, వీటినే హాలీ అంటరు), 4 కల్దార్లు (బ్రిటిషోళ్ల రూపాయలు), 7 రాగి బిళ్లలు, ఒకటి రాముడి పట్టాభిషేకం బిళ్ల. అమ్మాలనే ఉంది కానీ ఏది ఏందో తెల్వకుండ దుకాణం మెట్లెక్కొద్దని అనుకున్న.

మొదటి వారం సగం రాముడి బిళ్లకే పోయింది. 1818, ఈస్టిండియా కంపెనీ అని ఉంది, మా బాబాయి ఏదో వీడియో చూసి ఐదు లక్షలు వస్తయంటడు. కంపెనీ ఆ బొమ్మతోని 1818ల నాణెమే కొట్టలే, అది తర్వాత చేసి అమ్ముకున్న టోకెన్. బాబాయి ఇంకా నమ్ముతలేడు. ఆయన ఫొటో ఎక్కడ పెట్టిండో ఏమో ఒకడు నాకే ఫోన్ జేసి కొంటం, ముందు రిజిస్ట్రేషన్ పైసలు కట్టమన్నడు. పాత నాణేల అమ్మకాలతోని మాకు సంబంధం లేదు, ఫీజులు గిట్ల అడగమని ఆర్బీఐ 2021లనే చెప్పింది, ఫోన్ కట్ చేసిన.

అసలు మజా చార్మినార్ రూపాయిల ఉంది. చార్మినార్ బొమ్మల నడిమి కమాను కింద ఒక్క అరబ్బీ అక్షరం ఉంటది, లెన్స్ పెడితేనే సాఫ్‌గ కనవడతది. చిన్న గుండ్రానికి తోక తగిలినట్టుంటే మీమ్, అంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (మన మహబూబ్‌నగర్ పేరు ఆయనదే). నోరు తెరిచినట్టుంటే ఐన్, అంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. నా 11ల రెండే మీమ్, తొమ్మిది ఐన్. 92 అని చూసి 1892 అనుకోకుండ్రి, నేను ఒక దినమంత అట్లనే అనుకున్న, అది సాలు కాదు, ముహమ్మద్ ప్రవక్త పేరుల ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె వేసి కూడితే వచ్చే లెక్క. అసలు సాలు హిజ్రీల (ముస్లింల సాలు లెక్కల) ఉంటది, దాన్ని 0.97తోని గుణించి 622 కలిపితే మన సాలు దగ్గరికి వస్తది. ఆ లిపిల 3, 4 అంకెలు ఒక్క తీరే ఉంటయి, ఒకదాన్ని 1333 అని రాసుకున్న, వెనుక ఏలుబడి ఏడాది 14 అని ఉంది, ఉస్మాన్ గద్దెనెక్కింది 1911ల అంటే హిజ్రీ 1329, మరి లెక్క కుదరదు కదా, మళ్ల చూస్తే 1343, అంటే 1924-25.

రెండో వారం తూకం. 0.01 గ్రాముల దాక చూపే చిన్న కాంటా తెప్పించిన. హాలీ రూపాయి 11.18 గ్రాములు ఉండాలె, వెండి 81.8 శాతం. కల్దార్ 11.66, అంటే సరిగ్గ తులం, 91.7 శాతం, కాని 1940 నుంచి సగమే వెండి. మొదట అయస్కాంతం, అతుక్కుంటే అయిపోయింది. అతుక్కోకపోయినా నమ్మొద్దు, ఇత్తడి కూడ అతుక్కోదు. అందుకే నీళ్ల పరీక్ష: గ్లాసుల నీళ్లు పోసి కాంటా మీద పెట్టి సున్న చేసి, బిళ్లకు దారం కట్టి అడుగు తాకకుండ ముంచాలె. మంచి హాలీకి 1.10 అట్ల చూపిస్తది, 11.18ని దాంతోని భాగిస్తే పదికి కొంచెం మీద వస్తది, అంటే నీళ్లకంటె అన్ని రెట్లు బరువు. ఒకటి మాత్రం 10.31 గ్రాములే ఉండి నీళ్లల్ల 1.20 చూపింది, భాగిస్తే 8.6 అన్నమాట, వెండి లెక్కకు తక్కువ. అంచు చూస్తే పోత పోసిన గీత కూడ ఉంది. దొంగ బిళ్ల. నాయినమ్మకు ఇంకా చెప్పలే.

ఇగ బాధ. అమ్మ నాకు సాయం చేద్దామని మూడు కల్దార్లను చింతపండు, బూడిదతోని ఇత్తడి చెంబులెక్క తళతళ తోమింది. పాత నల్లదనమే వాటికి సొగసు, తోమిన గీతలు లెన్సుల దారాలలెక్క కనవడతున్నయి. ఇప్పుడు అవి వెండి రేటుకే. మొత్తం రూపాయలల్ల దండల గుచ్చినయి కూడ రెండు ఉన్నయి, అవుసులాయన టాకా వేసిన మచ్చ అంచున అట్లనే ఉంది, అవీ అంతే.

ధరకు నా పద్ధతి: హాలీల అసలు వెండి 9.15 గ్రాములు, అమ్మే నాటి వెండి రేటుతోని అది అడుగు లెక్క. దాని మీద ఎంతనేది వేలంల నిజంగ అమ్ముడైన ధర చూసి వేస్తున్న, అమ్మేటోళ్లు పెట్టుకున్న రేటు చూసి కాదు. పట్టణంల ఒక దుకాణపాయన అన్నీ కలిపి తూకానికి ఇయ్యమన్నడు, మీమ్ రెండిటి దిక్కు చూడను కూడ చూడలే.

ఇంకోటి. ఫణిగిరిల 2024ల కుండల 3,730 సీసం నాణేలు బయటపడ్డప్పటి నుంచి మా దోస్త్‌కు చేన్ల ఏం దొరికినా నన్నే అడుగుతుండు. భూమిల దొరికితే కలెక్టర్‌కు చెప్పాలె, 1878 చట్టం ఉంది, అసొంటియి నేను ముట్టను. ఇంట్ల ఉన్నయి కూడ నూరేండ్లు దాటితే విదేశానికి పంపనీయరు.

రాగివి ఏడు మిగిలినయి. ఆరు రెండు పై బిళ్లలు, మీద తుగ్రా (రాజు పేరును వంకలు తిప్పి రాసే ముద్ర) వంకలు కనవడ్డయి. ఏడోది నున్నగ అరిగింది, రాత్రి లైటు బంద్ జేసి టార్చ్ పక్క నుంచి వేస్తే ఒక మూలకు మూడు గీతలు లేస్తున్నయి, ఇంకా ఏందో తేలలే.