తిరుపతిలో బియర్డెడ్ డ్రాగన్‌కి డాక్టరు

మన ఊళ్లో ఆవుకో కుక్కకో డాక్టరు ఇట్టే దొరుకుతారు, బియర్డెడ్ డ్రాగన్‌కి (తొండలాంటి పెంపుడు జీవి) దొరకడమే కష్టం. మా చిన్ని తిండి మానేసి, కాళ్లు వణుకుతూ, ఒళ్లు పైకి లేపలేక పడుంటే టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. ఒక క్లినిక్‌లో "తొండకి వైద్యమేంటమ్మా" అన్నారు. చాలా బాధేసింది, దానికీ నొప్పి ఉంటుంది కదా.

చివరికి తెలిసినవాళ్ల ద్వారా పాములు, తాబేళ్లు చూసిన అనుభవం ఉన్న డాక్టరుగారు ఒకరు దొరికారు. దవడ మెల్లగా నొక్కి చూశారు, మెత్తగా ఉంది, ఎక్స్‌రేలో ఎముకలు పలచగా కనిపించాయి. కాల్షియం లోపం. ఇది ఆస్ట్రేలియా ఎండ భూముల జీవి, యూవీబీ కాంతి (ఎండలో ఉండే, కంటికి కనిపించని ఒక రకం అతినీలలోహిత కిరణాలు) తగిలితేనే ఒంట్లో విటమిన్ డి3 తయారై, తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో వేడి ఉంటుంది గానీ యూవీబీ దాదాపు రాదు. యూవీబీ కోసం పెట్టే బల్బు కూడా అంతే, పైకి బాగానే వెలుగుతున్నా నెలలు గడిచేకొద్దీ అందులో యూవీబీ తగ్గిపోతుంది, అందుకే ఇలాంటివి పెంచేవాళ్లు కొన్న తేదీ రాసిపెట్టుకోండి. మన ఎండ చాలు కదా అని మిట్టమధ్యాహ్నం బయట పెట్టొద్దు, పక్కన నీడ లేకపోతే ప్రాణానికే ప్రమాదం.

మందు వేస్తున్నాం, నిన్న పురుగుల్ని తనంతట తనే పట్టుకుని తింది! 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు మనది, ఇలాంటి జీవుల్ని చూసే డాక్టర్లు ఇక్కడ ఇంకా పెరగాలని గట్టిగా కోరుకుంటున్నా. చిత్తూరు వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి, అక్కడ మా ఫ్రెండ్ కూడా వెతుకుతోంది.