రైట్ బ్రదర్స్ కథలో నాకు నచ్చింది ఆ చెక్కపెట్టె

రైట్ బ్రదర్స్ అనగానే ఇంజిన్‌తో మొదటిసారి విమానం ఎగరేసింది 1903 డిసెంబర్ 17, కిట్టీ హాక్, 12 సెకన్లు అని గడగడా అప్పజెప్పేస్తాం కదా, నాకు మాత్రం దానికి రెండేళ్ళ ముందు సంగతే భలే ఇష్టం. 1901లో వాళ్ళు ఎగరేసిన గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) లెక్క ప్రకారం రావాల్సిన లిఫ్ట్‌లో, అంటే పైకి లేపే బలంలో, మూడో వంతే ఇచ్చింది, సొంతూరు డేటన్‌కి తిరిగొస్తూ అన్న విల్బర్ అయితే మన కాలంలో మనిషి ఎగరడం జరిగే పని కాదన్నంత డీలా పడిపోయాడట.

ఇంకెవరైనా అయితే ఇంకో గ్లైడర్ కట్టి మళ్ళీ దూకేవాళ్ళు. వీళ్ళు మాత్రం అసలు లెక్కలే తప్పేమో చూద్దాం అని కూర్చున్నారు. ఏ రెక్క ఎంత లిఫ్ట్ ఇస్తుందో చెప్పే ఆ టేబుల్స్ ఎవరివి, జర్మనీ లిలియెంతాల్‌వి, గ్లైడర్ మీంచి పడి 1896లో ప్రాణం పోగొట్టుకున్న పెద్దమనిషి, వీళ్ళకి గురువు లెక్క, అలాంటాయన్ని అనుమానించడానికి కూడా ధైర్యం కావాలి.

సైకిల్ షాపు మేడ మీద ఆరడుగుల చెక్కపెట్టె, ఒక చివర ఫ్యాను, లోపల రేకుతో చేసిన బుల్లి బుల్లి రెక్కలు. గాలికి వాటి లిఫ్ట్ ఎంతో కొలిచే తూకం హాక్సా బ్లేడు ముక్కలు, సైకిల్ స్పోకులతో చేసుకున్నదే. ఒక రెక్క పెట్టడం, ఫ్యాను తిప్పడం, ముల్లు ఎంత తిరిగిందో రాసుకోవడం, తీసేసి ఇంకోటి పెట్టడం, ఇలా దాదాపు 200 రకాలు. బోర్ కొట్టలేదా బాబూ అనిపిస్తుంది నాకు.

చివరికి తేలిందేంటంటే లిలియెంతాల్ పాపం చాలావరకు కరెక్టే, అసలు దొంగ 1700ల నుంచి అందరూ కళ్ళు మూసుకుని వాడేస్తున్న స్మీటన్ నంబరు, లిఫ్ట్ లెక్కలో గాలి ఒత్తిడి కోసం వాడే అంకె, 0.005 అని పెట్టుకున్నది నిజానికి 0.0033 దగ్గర ఉంది. రెక్క సన్నగా పొడుగ్గా ఉంటే మంచిదనీ అక్కడే తెలిసింది. ఆ లెక్కలతో కట్టిన 1902 గ్లైడర్ చక్కగా ఎగిరింది.

తర్వాత ఇంజిన్ గోల, ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్టులు పగిలితే తమ్ముడు ఆర్విల్ డేటన్ దాకా పోయి స్టీలువి చేయించుకురావడం, అదంతా ఇంకో కథ. అదే 1903 డిసెంబర్‌లో అమెరికా సర్కారు 50,000 డాలర్లిచ్చిన శాస్త్రవేత్త లాంగ్లీ గారి విమానం పొటోమాక్ నదిలో పడింది.

పెట్టె ముందు కూర్చున్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదంటే సరే, ఎగిరాక కూడా అంతే. 1904లో డేటన్ పక్కనే పచ్చిక మైదానంలో గుండ్రంగా చుట్టు తిరిగి చూపిస్తే, కళ్ళారా చూసి 1905 జనవరిలో అచ్చేసింది ఏ పేపరో తెలుసా, తేనెటీగల పెంపకం పత్రిక!