లాభం, రెండు, మూడు

మన నర్సింగ్ బ్యాచి సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, హాస్టలు కబుర్లూ గోవిందరాజస్వామి గుడి వీధుల్లో ఆదివారపు తిరుగుళ్లూ రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి, ఆపరేషన్ థియేటర్‌లో నేను గడిపిన శిక్షణ నెలల గురించే రాయాలనుకున్నాను. 1993లో, తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న రోజుల్లో, పాకాల దగ్గరి మా పల్లె నుంచి వచ్చి ఎర్ర బస్సు దిగిన నాకు కత్తెర అంటే ఒక్కటే కత్తెర. కండ కోసేది వేరు, దారం కత్తిరించేది వేరు, మొదటిదానితో దారం కత్తిరిస్తే దాని పదును పోతుందని తెలిసేసరికి మొదటి వారం గడిచిపోయింది.

మొదటి రెండు వారాలు మమ్మల్ని బల్ల దగ్గరికి రానివ్వలేదు. థియేటర్ సిస్టర్ గారు మాకిచ్చిన పని కడగడం. నెత్తురు కారకుండా రక్తనాళాన్ని బిగించి పట్టే ప్రతి ఆర్టరీ ఫోర్సెప్స్‌నూ పూర్తిగా తెరిచి, రెండు కాళ్లు కలిసే కీలులో బ్రష్షు పెట్టి రుద్దాలి, ఎందుకంటే నెత్తురు దాక్కునే చోటు అదే. అక్కడ మిగిలిన మురికిని, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవు ఉడికిస్తుందే తప్ప తీసేయదు. 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల ఒత్తిడి అని పుస్తకంలో మేము కంఠతా పట్టిన అంకెలకు ఆమె ఇంకో రెండు మాటలు చేర్చేవారు. సరుకు సర్దిన డ్రమ్ము అందులోకి వెళ్లేటప్పుడు పక్కనున్న చిల్లులు తెరిచి ఉండాలి, బయటికి రాగానే మూసుకోవాలి. పైన అంటించిన టేపు మీద చారలు నల్లబడితే డ్రమ్ము వేడి తిన్నదని మాత్రమే అర్థం, లోపలి క్రిములు చచ్చాయని కాదు.

ఆ తరువాత మొదలైంది అసలు చదువు. ఆమె మా కళ్లకు గాజుగుడ్డ కట్టి, ట్రాలీ మీది పరికరాలను చేతికి ఒక్కొక్కటిగా అందించి పేరు చెప్పమనేవారు. కొసన సన్నటి పళ్ల వరుస తగిలితే అలిస్, గుండ్రంగా నున్నగా ఉంటే బాబ్‌కాక్, చివర ఒక్క పన్ను గుచ్చుకుంటే కోచర్. పేగును అలిస్‌తో పట్టుకుంటే చిరుగుతుంది, బాబ్‌కాక్‌తో అయితే చిరగదు. కాబట్టి తడబడి ఒకదానికి బదులు ఒకటి అందిస్తే అది పేరు తప్పడంతో ఆగదని ఆమె ముందే చెప్పారు. పేర్లు వచ్చాక అందించే తీరు నేర్పారు. ఆర్టరీ ఫోర్సెప్స్‌ను సర్జన్ అరచేతిలో చప్పుడయ్యేలా పెట్టాలి, ఆయన కళ్లు గాయం మీద నుంచి ఎత్తకుండానే చేతికి తెలియాలి. నీడిల్ హోల్డర్‌తో సూదిని మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో పట్టాలి. కత్తి మాత్రం చేతి నుంచి చేతికి పోకూడదు, కిడ్నీ ఆకారపు ట్రేలో పెట్టి జరపాలి. సర్జన్ రెండు వేళ్లు కదిపితే కత్తెర, మణికట్టు తిప్పితే సూది. నోరు తెరిచి అడిగాక అందించడం సర్వరు పని అని ఆమె అనేవారు. హోటల్ సర్వర్ల మీద ఆమెకున్న చిన్నచూపు నాకు నచ్చకపోయినా, మాట మనసులో నిలిచిపోయింది.

చేతులు కడగడంలో మోచేతుల కంటే వేళ్లు పైకుండాలన్నది, గౌను వేసుకున్నాక నడుము కిందికి చేతులు దించకూడదన్నది అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తాను. గ్లవుజుల సంగతి మాత్రం చెప్పాలి. ఆ రోజుల్లో వాడిన గ్లవుజులను కడిగి, ఆరబెట్టి, గాలి నింపి చిల్లులు చూసి, పౌడరు చల్లి మళ్లీ ఆటోక్లేవుకు పంపేవాళ్లం. ఆ పని చేస్తూ విసుక్కుంటున్న మాకు ఒక మధ్యాహ్నం సిస్టర్ గారు హాల్‌స్టెడ్ కథ చెప్పారు. 1889 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో థియేటర్ నర్సుగా ఉన్న కెరోలిన్ హాంప్టన్ చేతులు, క్రిముల కోసం వాడే పాదరసపు మందునీళ్లకు పుండ్లు పడితే, సర్జన్ హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ కంపెనీ చేత పల్చటి రబ్బరు తొడుగులు చేయించారట. మరుసటి ఏడాది ఆమెనే పెళ్లి చేసుకున్నారు. రోగిని కాపాడడానికి కాక, పక్కన నిలబడి పరికరాలు అందించే మనిషి చేతులను కాపాడడానికి పుట్టిన వస్తువు అని తెలిశాక, ఆ గ్లవుజుల మీద మాకు కొంచెం సొంతహక్కు కలిగింది.

రోగిని లోపలికి తీసుకునేటప్పుడు పేరు అడగడం కూడా శిక్షణలో భాగమే. మన తిరుపతిలో అది ఎంత చిక్కో బయటి ఊళ్లవారికి చెబితే నవ్వుతారు. ఒకే వార్డులో ఇద్దరు మునెమ్మలు, ముగ్గురు వెంకటేశులు ఉండని వారమే లేదు. "నువ్వు మునెమ్మవేనా?" అని అడిగితే భయంతో ఉన్న మనిషి దేనికైనా తల ఊపుతుంది. అందుకే "నీ పేరేమి తల్లీ, ఏ ఊరు, మీ నాయన పేరేమి, ఏ పక్క నొప్పి?" అని ఆమె నోటితోనే చెప్పించాలని, తమిళం మాట్లాడేవారి దగ్గర ఆ నాలుగు ప్రశ్నలూ తమిళంలో అడగడం నేర్చుకోవాలని సిస్టర్ గారి పట్టుదల. తాళిబొట్టు తీయాల్సి వస్తే దాన్ని అత్తగారి చేతికో భర్త చేతికో ఇచ్చి, మెడలో పసుపుతాడు ఉంచిన తరువాతే స్ట్రెచరు కదిలేది. పుత్తూరు కట్టుతో వచ్చిన చేతులను, కాళ్లను బయటి గదిలోనే విప్పి, ఆకుపసరు, కోడిగుడ్డు సొన పోయేదాకా కడిగి తెచ్చేవాళ్లం.

ఇక లెక్క. కడుపు తెరిచే ఆపరేషన్‌లో నెత్తురు అద్దే గుడ్డలను, అంటే మాపులను, అయిదేసి కట్టలుగా విప్పి, బల్ల దగ్గర పరికరాలు అందించే స్క్రబ్ నర్సు, బయట తిరిగే నర్సు ఇద్దరూ పైకి వినిపించేలా లెక్కపెట్టాలి. కోతకు ముందు ఒకసారి, కడుపు మూసే ముందు ఒకసారి, చర్మం కుట్టే ముందు ఇంకోసారి. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు, మా నాయన చెనిక్కాయలు కొలిచే అలవాటు నాలుక మీద ఉండి, ఒకటి అనడానికి బదులు "లాభం, రెండు, మూడు" అన్నాను. మత్తు డాక్టరు గారు పకపకా నవ్వారు. సిస్టర్ గారు నవ్వలేదు. "లాభమైనా నష్టమైనా చివర పది రావాల" అన్నారు.

రెండో ఏడాదిలో ఒక రాత్రి పది రాలేదు. పేగు చిల్లుపడిన కేసు, మూడు గంటలుగా నడుస్తోంది, నేను బయట తిరిగే నర్సు స్థానంలో ఉన్నాను. కడుపు మూసే ముందు నా లెక్క తొమ్మిది. సర్జన్ గారు అలిసిపోయి ఉన్నారు. లోపల ఏమీ లేదు, తాను చూశానని, సరిగ్గా లెక్కపెట్టమని అన్నారు. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ తొమ్మిదే. సిస్టర్ గారు నా తరఫున మాట్లాడతారని ఆశపడ్డాను. ఆమె నా వైపు తిరిగి, "చెప్పుమ్మే, నీ లెక్కెంత?" అన్నారు. ఎండిన గొంతుతో తొమ్మిది అన్నాను. "తొమ్మిదంట సార్" అని ఆమె సూది తగిలించిన నీడిల్ హోల్డర్‌ను ట్రాలీ మీదే ఉంచేసుకున్నారు. ఆయన ఒక్క క్షణం చూసి, మళ్లీ కడుపులోకి చేతులు పెట్టి నాలుగు మూలలూ వెతికారు. మాపు అక్కడ లేదు. కింద బకెట్‌లో, నెత్తురుకు తడిసి రెండు మాపులు ఒకదానికొకటి అతుక్కుని ఒకటిగా పడి ఉన్నాయి. పది నిమిషాలు వృథా అయ్యాయి, తప్పు పూర్తిగా నాది.

ఆ రాత్రి నాకు తిట్లు పడ్డాయి. అయితే అవి తొమ్మిది అని చెప్పినందుకు కాదు, బకెట్‌లోని మాపులను ఒక్కొక్కటిగా విదిలించి పరచకుండా లెక్కపెట్టినందుకు. మొదటిది నా ఉద్యోగమని, మళ్లీ తొమ్మిది వస్తే మళ్లీ తొమ్మిదే చెప్పాలని ఆమె స్పష్టంగా చెప్పారు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల భద్రత కోసం 19 అంశాల పట్టికను తెచ్చి, మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ దాటే ముందు అందరూ ఆగి పైకి చదవాలని చెప్పింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని మరుసటి ఏడాది ప్రకటించారు. ఆ కాగితం మొదటిసారి చేతికి వచ్చినప్పుడు, పేరు చెప్పించడం, మాపులు లెక్కపెట్టడం అందులో చూసి నాకు కొత్తగా అనిపించలేదు. ఆ తరువాత నేను పనిచేసిన ఒకచోట ఉదయమే కూర్చుని రోజంతటి పట్టికలకూ టిక్కులు పెట్టేసేవారు. దానికంటే పట్టిక లేకపోవడమే మేలని నా అభిప్రాయం. లేకపోతే కనీసం భయమైనా ఉంటుంది.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లల చేత నేల మీద ప్లాస్టిక్ షీటు పరిపించి, బకెట్‌లోని మాపులను ఒక్కొక్కటిగా విదిలించి, అయిదేసి వరుసలుగా పెట్టిస్తాను. దానికి సమయం పడుతుంది. బల్ల దగ్గర నుంచి కుర్ర సర్జన్లు "ఇంకా కాలేదా మేడం?" అని అడుగుతూనే ఉంటారు. ఇంకా మూడు విప్పాలి సార్ అంటాను.