రాజా ముక్కులో రక్తం

మంగళవారం.

పొద్దున అయిదున్నరకు నాయన తోట నుంచి ఫోన్ చేసినాడు. ఇంటికీ తోటకీ నడిస్తే పది నిమిషాలు. ఆ మాత్రం దూరానికి ఆయన ఫోన్ చెయ్యడు. "పాపా, రాజాకు ముక్కులో రక్తం పడతా ఉండాది" అని పెట్టేసినాడు.

పోయి చూస్తే పంపుసెట్టు రూము ముందర సిమెంటు గట్టు మీద పడుకోని ఉంది. తెల్ల కుక్క కదా, ఏ మరకా దాచుకోలేదు. ఎడమ ముక్కు నుంచి సన్నగా కారి ముందరికాళ్ల మీద ఎండిపోయింది, కుంకుమ నీళ్లు చిలకరించినట్టు. రాత్రి పెట్టిన సంగటి ముద్ద పళ్లెంలో అట్టే ఉంది, చీమలు పట్టి. మా ఇంకో కుక్క కరియ ఆ పళ్లెం వైపు పోకుండా దూరంగా కూర్చోనుంది. మామూలుగా అయితే రాజా తిని లేచేదాకా కూడా ఆగదు అది.

అమ్మ ఇంట్లోనుంచే తీర్పు చెప్పేసింది: "ఎండలకు వేడి చేసింటుంది, మజ్జిగ పొయ్యండి. మంగళవారం పూట కుక్కను తీసుకోని యాడికి పోతారు?" నాయన బదులు చెప్పలేదు. పక్కింటి అన్న టాటా ఏస్ మాట్లాడుకోని వచ్చినాడు. తడి గోతాలు పరిచి, మామిడికాయలు తోలే బండిలో రాజాను పడుకోబెట్టి, దామలచెరువు దాటి తిరుపతి దోవ పట్టినాం. కరియ చింతచెట్టు మలుపు దాకా బండి వెనకాలే పరిగెత్తి నిలబడిపోయింది.

నాయనకు కుక్కలంటే ఒకప్పుడు పగ. ముప్పై ఏళ్లు సైకిలు మీద ఉత్తరాలు పంచిన పోస్ట్‌మాన్. పిక్క మీద రెండు గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసేవాళ్లు కదా, అవి వేయించుకున్న మనిషి. అందుకే ఏమి మరిచిపోయినా రాజాకీ కరియకీ ఏడాదికొకసారి రేబీస్ టీకా మాత్రం మరిచిపోడు. అట్లాంటి మనిషి మనసు మార్చింది ఒక స్టాంపు. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు మన దేశపు కుక్కల మీద స్టాంపులు వేసింది: హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం. ఆ నాలుగోది నాయన పర్సులో చాలా ఏళ్లు ఉంది. రిటైరై తోట చూసుకోవడం మొదలుపెట్టినాక, తమిళనాడులో విరుదునగర్ జిల్లాలో ఉండే ఆ రాజపాళయానికే పోయి, అరచేతిలో పట్టేంత కూనను తెచ్చినాడు. ఎంతకు కొన్నాడో అమ్మకు ఈరోజుకీ తెలీదు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ముక్కు గులాబీ రంగు. పెరిగినాక వీపు విల్లు మాదిరి వంగి, కడుపు లోపలికి పోయి, నిలబడితే గుడిలో రాతిబొమ్మ లెక్క ఉండేది. తోతాపురి కాయలు దించే నెలల్లో దాన్ని కంచె పక్కన కట్టేసింటే చాలు, కాయ మీద చెయ్యి వెయ్యాలనుకున్నోడు అటు దోవే మార్చుకుంటాడని ఊర్లో పేరు.

వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తొమ్మిదికల్లా చేరినాం. 1955లో పెట్టిన కాలేజీ, చెట్లు బాగా పెద్దవి, ఆ నీడలోనే అందరం కూర్చున్నాం. కాపలా కుక్కలన్నీ ఒకచోట చేరితే ఎట్లుంటుందో ఈరోజే చూసినా. ఒక్కదానికీ కాపలా కాసే తీరు లేదు. జర్మన్ షెపర్డ్ ఒకటి వెనక కాళ్లు ఈడ్చుకుంటా వచ్చింది. తుంటి దగ్గర ఎముక గుండు దాని గిన్నెలో సరిగ్గా కూర్చోక అరిగిపోతుందంట, ఆ జాతిలో ఇది తరచుగా వచ్చేదే, తల్లిదండ్రులకు ఎక్స్‌రే తీయించకుండా పిల్లల్ని అమ్మేస్తే ఇట్లే అవుతుందని దాని యజమాని తిట్టుకుంటా ఉండాడు. పక్కన రెండు నెలల రాట్‌వైలర్ కూన, సెలైన్ ఎక్కుతా ఉంది. పార్వో అనే వైరస్ జబ్బు. రక్తం విరేచనాలు. ఎత్తుకోని కూర్చున్న పిల్లోడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. "టీకా ఇంకో వారం ఆగి వేయిద్దామనుకున్నా అక్కా" అని నాతో చెప్పి, ఇంక మాట్లాడలేదు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులను క్రూరమైనవని లిస్టు వేస్తే అందులో ఈ రాట్‌వైలర్ కూడా ఉంది. కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు ఏప్రిల్‌లోనే ఆ ఉత్తర్వు కొట్టేసినాయి. లిస్టులోని క్రూరమృగం ఆ పిల్లోడి మోచేతి మీద తల పెట్టుకోని మూలుగుతా ఉంది.

డోబర్‌మాన్‌ను తెచ్చిన పెద్దమనిషి మాటకారి. జర్మనీలో డోబర్‌మాన్ అనే పన్నులు వసూలు చేసేటాయన, తనకు తోడుగా ఉంటుందని ఈ జాతిని తయారు చేసినాడని చెప్పినాడు. ఈ జాతికి గుండె కండరం పలచబడి, గుండె సాగిపోయే జబ్బు ఉంటుందని, ఒక్కోసారి నిలబడిన చోటే కూలిపోతాయని, అందుకే పైకి బాగున్నా పరీక్షకు తెస్తుంటానని అన్నాడు. నాయన అంతా విని, "పన్నులాయన కుక్కను తోడు తెచ్చుకున్నాడు. నేను ముప్పై ఏళ్లు ఉత్త సైకిలు బెల్లుతో తిరిగినా సామీ" అన్నాడు. పొద్దుటి నుంచి మేము నవ్వింది అప్పుడే.

డాక్టరు చిన్న వయసు ఆమె. రాజపాళయం కొత్తవాళ్ల చెయ్యి పడనివ్వదు కాబట్టి గుడ్డతో మూతి కట్టినారు. ఆ అవసరం కూడా లేదు, అంత నీరసంగా ఉంది. చిగుళ్లు తెల్లగా పాలిపోయినాయి. జ్వరం 104.6. కుక్కకు మామూలుగానే 101, 102 ఉంటుందంట, అందుకే చేత్తో తాకి చూస్తే మనకు తెలీదు. చెవి తిరగేసి చూపించింది. లోపల గోమార్లు, రక్తం తాగి ఉబ్బి, ఆముదం గింజల్లాగా వరసగా. కాలివేళ్ల సందుల్లో కూడా. రోజూ తల నిమిరే నేను చెవి మడత ఎప్పుడూ తిప్పి చూడలేదు.

గోమారి జ్వరమే. అది కుట్టినప్పుడు రక్తంలోకి క్రిములు పోయి ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులో రక్తం అందుకే. పరీక్షలో 31 వేలు వచ్చింది, కనీసం రెండు లక్షలన్నా ఉండాల్సింది. డాక్సీసైక్లిన్ బిళ్లలు 28 రోజులు, మధ్యలో ఆపకుండా, కడుపులో తిండి పడినాకే. "నిన్న ఏమన్నా మందు వేసినారా?" అని అడిగితే నాయన గొంతు తగ్గించి, మనుషుల నొప్పుల బిళ్ల సగం వేసినానని చెప్పినాడు. ఆమె కోప్పడింది. అట్లాంటి బిళ్లలకు కుక్క కడుపులో పుండ్లు పడతాయంట, కిడ్నీలు కూడా పోతాయంట. "పెద్దాయనా, ఒంటి మీద కనపడేవి కొన్నే. మిగతావన్నీ గోడ నెర్రెల్లో ఉంటాయి, ఒక్క ఆడది వేల గుడ్లు పెడుతుంది. ముందు ఆ గోడలు పూడ్పించండి" అనింది.

అప్పుడే లోపల ఎవరి చేతిలోనుంచో స్టీలు ట్రే జారి కిందపడింది. నేను అదిరిపడినా. బయట డోబర్‌మాన్ మొరిగింది, ఇంకెక్కడో పిల్లి అరిచింది. రాజా చెవి కూడా కదల్లేదు. డాక్టరు రాస్తా రాస్తా ఆగి, లేచి దాని వెనక్కి పోయి తాళాలగుత్తి ఆడించింది. చప్పట్లు కొట్టింది. ఊహూ.

"పెద్దాయనా, దీనికి చెవులు వినపడవా?"

నాయన ఫ్యాను వైపు చూసినాడు. "పుట్టుకతోనే మేడం."

నేను ఆయన మొహం చూస్తా ఉండిపోయినా. రెండున్నరేళ్లు! రాజాను పిలవాలంటే ఎప్పుడూ కాలితో నేలమీద దబ్బుమని తన్నేవాడు, రాత్రయితే టార్చి మూడుసార్లు వెలిగించి ఆర్పేవాడు. పోస్ట్‌మాన్ పద్ధతులేమో అనుకుంటా వచ్చినా. ఇంత తెల్లగా పుట్టే కుక్కల్లో కొన్నింటికి ఇట్లా అవుతుందని డాక్టరు చెప్పింది. రంగునిచ్చే కణాలు లోపలి చెవికి కూడా కావాలంట, అవి లేకపోతే పుట్టిన కొన్ని వారాల్లోనే వినికిడి పోతుందంట. మేము మురిసిపోయిన తెలుపే ఆ చెవుడు.

తిరిగొచ్చేటప్పుడు చంద్రగిరి దాటినాక అడిగినా, ఎందుకు చెప్పలేదని.

"మీ అమ్మకు చెప్తే బావి దగ్గరికి పోతుంది. బావి దగ్గరికి పోతే ఊరంతా తెలుస్తుంది. ఇంక కాయలు మిగులుతాయా?" అన్నాడు. కొంచెం ఆగి, "కరియ అరుస్తాది. కరియ పరిగెత్తింది చూసి ఇది లేస్తాది. వచ్చినోడికి కనపడేది ఇదే కదా" అన్నాడు.

కరియ ఎవరూ కొని తెచ్చింది కాదు. వానలో పంపుసెట్టు రూములో దూరి, పోకుండా ఉండిపోయిన ఊరకుక్క. దాని మీద ఎవరూ స్టాంపు వెయ్యలేదు.

సాయంత్రమంతా దాని గోమార్లు పీకడమే సరిపోయింది నాకు. గోటితో నలపొద్దని డాక్టరు మరీమరీ చెప్పింది కాబట్టి పట్టకారుతో తీసి సబ్బునీళ్ల గ్లాసులో వేసినా. నలభై దాకా లెక్కపెట్టి ఆపేసినా. నాయన సిమెంటు కలిపి రూము గోడ నెర్రెలు పూడ్చినాడు. తర్వాత ఇంట్లో దేవస్థానం క్యాలెండరు కిందికి దించి, ఈ రోజు నుంచి 28 గళ్లలో పెన్సిలుతో చిన్న సున్నాలు చుట్టినాడు. అవేమిటని అమ్మ అడిగితే, "బిళ్లలు" అన్నాడు. చెవుల సంగతి నేనూ చెప్పలేదు.

రాజా రెండు ముద్దలు పెరుగన్నం తినింది, బిళ్ల కూడా మింగింది. వరండాలో పడుకోబెట్టినాం. పడుకోబోయే ముందు ఎట్లుందో చూద్దామని తలుపు తీసి, అలవాటు కొద్దీ "రాజా" అని పిలిచినా.

చీకట్లోనుంచి తోక ఊపుకుంటా కరియ వచ్చింది.